గుట్టగడ్డి, వాగుగడ్డి

వామన్‌రావు ఇంట్లో పొద్దున్నే రెండు రకాల గంజి కాగుతుంది. ఒకటి ఆయన చొక్కాలకు, రెండోది ఆయన గడ్డికి. చొక్కాల గంజి పల్చగా ఉండాలి, లేకపోతే మెడ గీరుకుంటుంది. గడ్డి గంజి చిక్కగా ఉండాలి, అందులో చిటికెడు మైలుతుత్తం కలపాలి, లేకపోతే పురుగు పడుతుంది. ఈ రెండు గిన్నెలూ ఒక రోజు తారుమారైతే ఎట్లా ఉంటుందో అని లక్ష్మీనర్సమ్మ చాలాసార్లు ఊహించుకుని తనలో తాను నవ్వుకుంది. ఒక్కసారీ తారుమారు కాలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ గమనించలేదు కూడా. సరిగ్గా జరిగిపోయే పనిని ఎవరు గమనిస్తారు గనక!

"గంజి జర చిక్కగ కాయి," అన్నాడు వామన్‌రావు, దసరా వెళ్లిన వారానికి ఒక పొద్దున. "పోయినసారి రెండు పుల్లలు ఊడినయి. దఫ్తర్ల అందరు నవ్విన్రు."

ఊడినప్పుడు గంజి ఆమెది. అంటుకున్నప్పుడు గడ్డి ఆయనది. పదకొండేళ్ల కాపురంలో ఆమె ఈ పంపకానికి అలవాటు పడిపోయింది. "సరే" అని పొయ్యి మీది గిన్నెలో ఇంకో గుప్పెడు పిండి కలిపింది.

వాళ్లుండేది నాంపల్లి స్టేషను వెనక గల్లీలో, కిరాయికి తీసుకున్న రెండు గదుల ఇంట్లో. వామన్‌రావు నౌకరి అక్కడికి నడిచిపోయేంత దూరంలోనే, ఒక సర్కారీ దఫ్తర్లో. పోలీసు యాక్షన్ తర్వాత వచ్చిన కొత్త సర్కారుకు, రాష్ట్రంలో ఏ నేలలో ఏ గడ్డి మొలుస్తుందో, ఏది పశువు తింటుందో, ఏది దేనికి పనికొస్తుందో తెలుసుకోవాలని బుద్ధి పుట్టింది. అడవుల్లోని గార్డులు గడ్డి కోసి మోపులు కట్టి పంపుతారు. వాటిని పాత పేపర్ల మధ్య పరిచి, బరువు పెట్టి, రోజూ పేపర్లు మార్చి, ఆరిన తర్వాత తెల్ల అట్ట మీద అంటించి, కింద మూలన చీటీ రాయాలి. గడ్డి పేరు, దొరికిన చోటు, నేల రకం, గుర్తుపట్టినవారు. ఇదంతా వామన్‌రావు దఫ్తర్లో చేయవలసిన పని. "దఫ్తర్ల పంకా గాలికి గడ్డి ఎగురుతది" అని ఆయన మొదటిసారి ఒక మోపు ఇంటికి తెచ్చాడు. ఆ పంకా ఇప్పటికి మూడేళ్లుగా తిరుగుతూనే ఉంది. సన్నికల్లు కింద గడ్డి, మంచం పరుపు కింద గడ్డి, కూతురు పద్మ బడిపుస్తకాల కింద గడ్డి. మధ్యాహ్నం అంట్లు తోమి చేతులు తుడుచుకున్న తర్వాత, అందరూ కునుకు తీసే వేళ, లక్ష్మీనర్సమ్మ కూర్చుని పుల్ల పుల్లా విడదీసి పరిచేది.

చీటీల రాత కూడా ఆమె చేతికే వచ్చింది. అదొక కథ. నిజాము రోజుల్లో దఫ్తరంతా ఉర్దూలో నడిచేది, వామన్‌రావు ఉర్దూ ముత్యాల్లాంటిది. ఉన్నట్టుండి కాగితాలన్నీ ఇంగ్లీషులోకి మారాయి. ఆయన ఇంగ్లీషు రాత కోడి గెలికినట్టు ఉండేది. అబిడ్స్‌లో కాపీ పుస్తకం కొనుక్కొచ్చి మూడు రోజులు దిద్దాడు, నాలుగో రోజు చేయి నొప్పి అని అటక మీద పడేశాడు. లక్ష్మీనర్సమ్మ దాన్ని దించి, దుమ్ము దులిపి, ఆరు నెలలు దిద్దింది, మాటల అర్థాలు కూడబలుక్కుని నేర్చుకుంది. ఎందుకు దిద్దిందో ఆమెకే తెలియదు. వరుసగా నిలబడే ఆ అక్షరాల మధ్య కూర్చుంటే కాసేపు ఎవరూ పిలవనట్టు ఉండేది. ఆమె రాత చూసి వామన్‌రావు, "మంచిగనే గీకుతున్నవే," అన్నాడు. అంతటితో ఆ రాత కూడా ఆయనదైపోయింది.

ఆ పొద్దున టాంగాలోంచి రెండు మోపులు దిగాయి. ఆదిలాబాదు గుట్టల నుంచి వచ్చిన రోషాగడ్డి. నూనె తీసే గడ్డి అది. అందులో రెండు జాతులున్నాయి. గుట్టల మీద, మొరం నేలలో మొలిచేదాన్ని మోతియా అంటారు. వాగుల పక్కన, తడి నేలలో మొలిచేదాన్ని సోఫియా అంటారు. మొదటిదాని నూనె గులాబీపూల వాసన, రెండోదాని నూనె అల్లం దంచి కిరసనాయిల్లో వేసిన వాసన. ఎత్తులో తేడా ఉన్నా చూడటానికి అక్కచెల్లెళ్లు, ఆకు పక్కన ఆకు పెట్టి చూసినా పోల్చుకోవడం కష్టం. గార్డు రెండు మోపులకూ చీటీలు కట్టి పంపాడట గానీ దారిలో వాన పడి సిరా అంతా కారిపోయింది. ఏది గుట్టదో ఏది వాగుదో చెప్పేవాళ్లు లేరు. ఇప్పుడు దఫ్తరు ఆ జాతి తేల్చి, మోతియా విత్తనం గుట్ట ఊళ్లకు పంచాలి.

వామన్‌రావు రెండు మోపులనూ అటూ ఇటూ కాలితో దొర్లించి చూశాడు. ఒకటి ఏపుగా, ఆకుపచ్చగా, నిలువెత్తు ఉంది. రెండోది పొట్టిగా, సన్నగా, ఎర్రబారి ఉంది.

"ఏపుగ ఉన్నది మోతియా. గిది గుట్టది. పొట్టిది వాగుది. గిట్ల రాసుకో," అన్నాడు. మంచిదంటే బలిసి ఉండాలని ఆయన లెక్క. పెళ్లిళ్లకు తప్ప నాంపల్లి స్టేషను దాటని మనిషికి, నీళ్లు దొరికిన గడ్డి బలుస్తుందనీ, రాళ్లల్లో బతికేది పొట్టిగానే ఉంటుందనీ తట్టలేదు.

లక్ష్మీనర్సమ్మ వంగి ఆ పొట్టి మోపులోంచి ఒక కంకి తుంచి అరచేతిలో నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్లు వాటంతట అవే మూసుకుపోయాయి.

ఆమె తండ్రి ఒక నూనె బట్టీలో లెక్కలు రాసే మున్షీ. ఏటా దసరా నుంచి సంక్రాంతి దాకా ఇల్లంతా గుట్టల్లోకి కదిలిపోయేది. నూనె దించే పెద్ద ఇనుప డేగిసాలు, కింద కణకణలాడే మంట, కోసుకొచ్చిన గడ్డి కొండల్లా. డేగిసాలోకి పోయే ప్రతి మోపూ ముందు సమ్మక్క ముక్కు కిందుగా పోవాలి. సమ్మక్క అక్కడ కూలి మనిషి. ఒక్క వాగు మోపు కలిసినా ఆ డేగిసా నూనె మొత్తం పాడైపోతుంది. అందుకే మంట పెట్టే ముందు సేఠు అరిచేవాడు, "సమ్మక్క చూసిందా?" అని. నూనె డబ్బాల మీద మాత్రం సేఠు పేరు ఉండేది. ఏడేళ్ల మున్షీ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని సమ్మక్క చెప్పేది, "కండ్లు మూస్కో బిడ్డా. కండ్లతోని చూస్తే రెండు ఒక్కటే. ముక్కుతోని చూస్తే ఏది దానికదే." ఆ పిల్లకు పన్నెండేళ్లప్పుడు, సమ్మక్కకు జ్వరం వచ్చిన ఒక రోజున, మోపులు చూసింది మున్షీ కూతురే. సేఠుకు చెప్పలేదు. నూనె మంచిగానే దిగింది.

"ఏమండీ," అంది కళ్లు తెరిచి. "మీరు ఉల్టా చెప్తున్నరు. గీ పొట్టిదే గుట్టది."

వామన్‌రావు మొదట ఆశ్చర్యపోయాడు, ఆ తర్వాత పడీపడీ నవ్వాడు. "ఎవరు చెప్పిన్రు? నీ ముక్కా?"

లోపలి గదిలోంచి అత్తగారు కూడా నవ్వింది. ఆ నవ్వుకు నాలుగేళ్ల వయసు. అప్పుడు లక్ష్మీనర్సమ్మకు పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. నిలబడే ఓపిక లేకపోయినా పొయ్యి దగ్గరికి వచ్చింది, పాలు మాడిపోయాయి, ఆమెకు వాసన తెలియలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె ముక్కు ఒక వేళాకోళం. వచ్చిన చుట్టాలకు కూడా చెప్పి నవ్వించేవాళ్లు. ఆ తర్వాత కొన్నాళ్లకు, అత్తగారి మోకాళ్లకు రోషా నూనె రుద్దుతూ ఆమె ఒక మాట అంది, "అత్తమ్మా, గిది అసలు నూనె కాదు కావచ్చు, వాసన తేడా ఉంది" అని. అత్తగారు కాలు వెనక్కి లాక్కుంది. "నా కొడుకు అబిడ్స్ నుంచి తెచ్చిన నూనెకు వంక పెడ్తున్నవా? పాలు మాడితే తెల్వని ముక్కుకు నూనె తెలుస్తదా?" లక్ష్మీనర్సమ్మ నోరు మూసుకుంది. నోరు మూసుకోవడం ఒక్కటే అయితే బాధ లేకపోయేది. కానీ రోజూ అదే మాట వినగా వినగా, నిజమేనేమో, నా ముక్కు చచ్చిపోయిందేమో అని తనకే అనిపించడం మొదలైంది. జ్వరం ఎప్పుడో తగ్గింది, ఈ అనుమానం మాత్రం తగ్గలేదు. కూర దించేముందు పద్మను పిలిచి "వాసన చూడు బిడ్డా" అని అడిగేది.

వామన్‌రావు దఫ్తరుకు వెళ్లిపోయాడు. పన్నెండు రోజులకు గడ్డి ఆరింది. ఆరు అట్టలు తయారయ్యాయి, మూడు పొట్టివి, మూడు పొడుగువి. ఆమె కలం ముంచి కూర్చుంది. ఆయన చెప్పినట్టు రాయాలనే అనుకుంది. ధైర్యం చేద్దామనిగానీ, ఎవరికో బుద్ధి చెబుదామనిగానీ ఆమె మనసులో లేదు. కానీ ఆ పొట్టి గడ్డి మీదికి వంగితే ఆరిపోయినా సరే ఆ పూల వాసన వస్తూనే ఉంది. దాని కింద "వాగు పక్కన తడి నేల" అని రాయడానికి చేయి కదల్లేదు. ఆమె "పొడి గుట్టవాలు, మొరం నేల, మోతియా" అని రాసింది. పొడుగు గడ్డి కింద "వాగు ఒడ్డు, సోఫియా" అని రాసింది. సాయంత్రం వామన్‌రావు వచ్చి, గుర్తుపట్టినవారు అన్న చోట ఆరింటి మీదా సంతకం గీకాడు. పైన ఏముందో చదవలేదు. ఏనాడూ చదవలేదు.

దీపావళి వెళ్లాక ఒక శనివారం మధ్యాహ్నం ఆయన వేళకాని వేళ ఇంటికి వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"ఏం రాసినవే నువ్వు చీటీల మీద?"

ఆమెకు అర్థమైంది. చేతిలో ఉన్న చాట కింద పెట్టింది.

"రిపోర్టుల నేను పొడుగుది గుట్టది అని రాసిన. అట్టల మీద పొట్టిది గుట్టది అని ఉంది. కొత్తగ వచ్చిన జనార్దన్ సాబ్ రెండు పక్కపక్కకు పెట్టుకొని అడిగిండు, ఏమయ్యా, నువ్వు ఒక్కనివా ఇద్దరివా అని. అందరి ముంగట! ఆ రాత నాది కాదని సాబ్‌కు ఎర్కయింది. ఇంట్లమె రాస్తదని చెప్పాల్సొచ్చింది. సోమవారం లోపల జవాబు కావాలన్నడు. నా నౌకరి పోతే ఏం తింటవ్, గడ్డి తింటవా?"

లక్ష్మీనర్సమ్మ గోడకు ఆనుకుంది. కోపంతో వణుకుతున్న మనిషిని చూస్తే ఆమెకు ఎప్పుడూ జాలే వేసేది. ఈసారి జాలికి ముందు భయం వేసింది.

వామన్‌రావు జేబులోంచి ఒక కాగితం తీశాడు. దారిలోనే తయారు చేసుకొచ్చాడు. "గిది చూసి నీ చేత్తో రాసి సంతకం పెట్టు. తెలుగుల రాయి, ఆడమనిషి రాసినట్టు ఉండాలె." ఆయన తెలుగు రాత కూడా కోడి గెలికినట్టే. అందులో ఇలా ఉంది: 'నేను చదువు తక్కువ ఆడమనిషిని. నా భర్త సరిగ్గా చెప్పినా తెలివితక్కువతనం వల్ల తారుమారు రాశాను. వారి తప్పు ఏమీ లేదు. క్షమించగలరు.'

ఆయన అది తానే రాసి ఇవ్వలేడు. ఆయన కోడిరాత దఫ్తరంతటికీ తెలుసు. ఆమె తెలివితక్కువదని చెప్పడానికి కూడా ఆమె చేయే కావాలి.

"పెట్టవే సంతకం," అంది అత్తగారు గడప దగ్గర కూర్చుని. "మొగోని నౌకరి కంటె నీ ముక్కు ఎక్కువనా? ఒక్క సంతకం పెడితే నీదేం అరుగుతది?"

ఏం అరుగుతుందో చెప్పడం ఆమెకు చేతకాలేదు. "చేతికి నూనె ఉంది. రేపు రాస్త," అని మాత్రం అంది.

ఆ సాయంత్రమంతా ఆమె మనసు మనసులో లేదు. సంతకం పెట్టడం పెద్ద పనేం కాదు. ఇంతకంటే పెద్ద మాటలకు తలొంచింది. కానీ అక్కడ తేలాల్సింది అది కాదు. ఆమె రాసింది నిజమా కాదా? నిజమైతే ఆ కాగితం మీద సంతకం పెట్టడమంటే సమ్మక్క పక్కన కూర్చున్న ఆ పిల్లను తన చేత్తో చెరిపేయడం. అబద్ధమైతే? నాలుగేళ్లుగా ఇంట్లో అందరూ నవ్వింది నిజమే అయి, ఆ రోజు ముక్కుకు తగిలింది గడ్డి వాసన కాక చిన్ననాటి జ్ఞాపకమే అయితే? అప్పుడు మొగుడి నౌకరిని తన పొగరుతో పోగొట్టినట్టే కదా. అన్నం కలుపుతూ, పద్మ జడ విప్పుతూ, అదే ఆలోచన. ఎవరో తప్పు చేశారని నమ్మడం ఆమెకు తేలిక, అది తానేనని నమ్మడం ఇంకా తేలిక. ఇన్నేళ్లుగా ఆమెకు బాగా నేర్పిన విద్య అదొక్కటే.

తెల్లవారి ఆదివారం. పొద్దున అత్తగారి నూనె సీసా ఖాళీ అయిందని చెప్పి ఆమె చెప్పులు తొడుక్కుంది. గడ్డి అంటించేటప్పుడు కత్తిరించిన ముక్కలు ఆమె పారేయదు, పొయ్యి అంటించడానికి దాచుకుంటుంది. రెండు రకాలవీ రెండు పేపరు పొట్లాలు కట్టి కొంగున ముడేసుకుంది.

అబిడ్స్‌లో పెద్ద దుకాణాల వెనక సందులో వెంకటేశం నూనెల దుకాణం. ముసలాయన. గోడ నిండా సీసాలు, కింద వేర్లు, బెరళ్లు. ఆమె చాచిన ఖాళీ సీసా తన దుకాణందేనని గుర్తుపట్టి, మూత తీసి వాసన చూసి, "వామన్‌రావు సార్ ఇంటి నుంచి వచ్చిన్రా అమ్మా? వాగు నూనె గద," అన్నాడు.

లక్ష్మీనర్సమ్మ ముందుకు వంగింది. "వాగు నూనె అంటే?"

"సోఫియా. సస్తాది, తక్కువ ధరది. సార్ నాలుగేండ్ల సంది గిదే కొంటున్నడు. మోకాళ్ళకు గుట్ట నూనె మంచిదని చెప్పిన, వినలే. ముసలామెకు ఏం తెలుస్తది, గిదే ఇయ్యి అన్నడు." అన్న తర్వాత ఆ మాట అనకపోతే బాగుండేదని ఆయనకు తోచి, సీసా మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.

ఆమె అక్కడున్న స్టూలు మీద కూర్చుంది. నాలుగేళ్ల కింద కాలు వెనక్కి లాక్కున్న అత్తగారు కళ్ల ముందు కనబడింది. ఆ రోజు ముక్కు తప్పలేదు. జ్వరం తర్వాత పట్టుమని నెల కూడా కాలేదు, అప్పటికే ముక్కు తిరిగి వచ్చేసింది. రానిది ఆమె నమ్మకమే. అయినా ఒక్కసారి సరిపోయింది కాబట్టి రెండోసారీ సరిపోవాలని లేదు. ఆమె కొంగు ముడి విప్పి రెండు పొట్లాలూ బల్ల మీద పెట్టింది.

"తాతా, గివి గడ్డి ముక్కలు. ఒకటి గుట్టది, ఒకటి వాగుది. నేను అటు తిరుగుత. మీరు వాటిని నలిపి, కలగలిపి, ఒకటొకటి నా చేతిల పెట్టిన్రి. నేను చెప్త. తప్పయితే మొహమాటం పడకుండ తప్పని చెప్పిన్రి."

ముసలాయన ఆమె మొహంలోకి చూశాడు. ఇది ఆట కాదని ఆయనకు తెలిసింది. తాను ముందుగా రెండూ వాసన చూసుకుని, తల పంకించి, మొదటి చిటికెడు ఆమె చేతిలో వేశాడు.

కళ్లు మూసుకుంది. సందులోంచి పోతున్న జట్కా గంట, నెయ్యి కాచే దుకాణం, తడి గోనె వాసన, అన్నీ ఒక్కొక్కటిగా పక్కకు తప్పుకున్నాయి. "వాగు," అంది.

రెండోది. "వాగే."

మూడోది. చేతిలో పడగానే ఆమె పెదవుల మీదికి నవ్వు వచ్చేసింది. "గుట్ట."

నాలుగు, ఐదు, ఆరు. ఆరో చిటికెడు దగ్గర ముసలాయన ఆగి, "రెండు కలిపి ఇచ్చిన గద బిడ్డా, గదేంది?" అని ఊరించాడు. ఆమె ఇంకోసారి వాసన చూసింది. "కలపలే. గుట్టదే. మీరు నన్ను పరేషాన్ చేస్తున్నరు."

వెంకటేశం గట్టిగా నవ్వాడు. "యాభై ఏండ్ల సంది గీ దుకాణంల కూసున్న. గింత సాఫ్‌గ చెప్పేటోళ్ళను ముగ్గుర్ని చూసిన. గుట్ట గడ్డి ఎక్కువ పొట్టిగనే ఉంటది అమ్మా. నీళ్ళు నిలిస్తే కుళ్ళుతది. ఎవరన్న పొడుగుదాన్ని గుట్టదంటే వాడు గుట్ట ఎక్కలేదన్నట్టు."

ఒక చిన్న సీసా మోతియా తీసుకుని ఆమె బయటికి వచ్చింది. ఇంటికి పోయే దారి అటు. ఆమె ఇటు తిరిగి మొజంజాహీ మార్కెట్ దాకా నడిచింది. సీతాఫలాల కాలం అయిపోవస్తోంది. గంపలో చివరి పళ్లు నల్లబడుతున్నాయి. ఒకటి కొనుక్కుని మార్కెట్ రాతిమెట్ల మీద కూర్చుని తినడం మొదలుపెట్టింది. ఒంటరిగా, వీధిలో, ఎవరికీ పెట్టకుండా. గింజ గింజా చప్పరించి ఊసింది. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. హాయిగా ఉంది. అంతకంటే ఆ భావానికి పేరు లేదు. గెలిచానన్న సంతోషం కాదు, ఎవరి మీదా గెలవలేదింకా. ఇన్నాళ్లూ ఇంట్లో ఏదన్నా వాసన తగిలితే ముందు తనను తాను అనుమానించుకునేది. ఇక ఆ పని లేదు. ఎంత బరువు తగ్గిందో ఇప్పుడు తెలుస్తోంది. పక్కన గంప దగ్గర కూర్చున్న ఆమె, "ఏమైందమ్మా, ఎందుకేడుస్తున్నవు?" అని అడిగింది. "ఏం లేదక్కా, పండు మంచిగుంది," అంది లక్ష్మీనర్సమ్మ. పండు నిజంగానే బాగుంది.

ఇంటికి వచ్చేసరికి వామన్‌రావు కలం, సిరాబుడ్డి, కాగితం చాప మీద పరిచి కూర్చున్నాడు.

"గింత సేపా? జల్ది రాయి."

"ముందు అత్తమ్మ మోకాళ్ళకు రుద్దాలె," అంది ఆమె. అత్తగారు అలవాటుగా కాళ్లు చాపింది. ఆమె కొత్త సీసా మూత తీసి, అరచేతిలో పోసుకుని మోకాలికి రాసింది. గది నిండా పూలు విచ్చుకున్నట్టు అయింది. బయట గచ్చకాయలాడుతున్న పద్మ గడప దాకా వచ్చి, "అమ్మా, ఏం వాసననే, ఎంత మంచిగుంది!" అంది.

అత్తగారు మోకాలు ముక్కు దగ్గరికి తెచ్చుకోవాలని చూసి, అందక, కోడలి చేయి పట్టి లాగి వాసన చూసింది. "గిదేంది? ఏం నూనెనే ఇది?"

"రోషా నూనె. అసలుది. ఇన్నేండ్లు మీకు పెట్టింది వాగుగడ్డి నూనె, అత్తమ్మా. నేను చెప్పిన, మీరు కొట్టేసిన్రు."

అత్తగారు ఇంకోసారి వాసన చూసింది. తర్వాత మెల్లగా తల కొడుకు వైపు తిప్పింది. "వామనా. నాలుగేండ్ల సంది నాకేం నూనె తెస్తున్నవ్‌రా?"

వామన్‌రావు సిరాబుడ్డిని పక్కకు జరిపాడు. "గది కాదమ్మా, దుకాణపోడు ఏదిస్తే గది..." అన్నాడు. ముసలామె కోడలి చేయి వదల్లేదు. క్షమించమని అడగలేదు, అడిగే మనిషి కాదు. "రుద్దు. ఎడమ కాలికి జర ఎక్కువ రుద్దు," అంది. ఆ గొంతు మాత్రం వేరేగా ఉంది.

చేతులు కడుక్కుని లక్ష్మీనర్సమ్మ చాప మీద కూర్చుంది. ఆయన రాసిన కాగితాన్ని మడిచి పక్కన పెట్టింది. తెల్లకాగితం మీద తన చేత్తో, తెలుగులోనే, రాసింది:

'చీటీలు రాసింది నేను. చూసే రాశాను, పొరపాటున రాయలేదు. పొట్టి గడ్డి గుట్ట మీద మొరం నేలలోది, మోతియా. పొడుగు గడ్డి వాగు పక్కది, సోఫియా. అనుమానముంటే రెండూ చెరో పిడికెడు ఉడికించి వాసన చూడండి. పొడుగు గడ్డి విత్తనం గుట్ట ఊళ్లకు పంపితే అది ఎండిపోతుంది. రిపోర్టు మార్చవలసింది, చీటీలు కాదు. లక్ష్మీనర్సమ్మ.'

వామన్‌రావు చదివాడు. ఆమె రాసినదాన్ని ఆయన పూర్తిగా చదవడం అదే మొదలు. "నా ఇజ్జత్ ఏం కావాలె?" అన్నాడు, ఈసారి అరవకుండా.

"మీ నౌకరికి ఏం కాదు. సాబ్‌కు నిజం కావాలె, తప్పెవరిదని కాదు. జల్ది రిపోర్టు మార్చి ఇస్తే మీకే మంచిది. గీ కాగితం తీస్కపోకపోతే నేనే వచ్చి ఇస్త. దఫ్తర్ ఎంత దూరం, పావుగంట." బెదిరించడం ఆమె ఉద్దేశం కాదు. నిజంగానే దూరం చెప్పింది.

సోమవారం ఆయన ఆ కాగితం జేబులో పెట్టుకుని వెళ్లాడు. ఆ పగలంతా ఆమెకు భయం వేస్తుందనుకుంది, వేయలేదు. పప్పు రుబ్బింది, పద్మ లంగాకు కుచ్చిళ్లు కుట్టింది, మధ్యాహ్నం ఒక గంట నిద్రపోయింది కూడా. పగలు నిద్రపోయి ఎన్నేళ్లయిందో.

సాయంత్రం వామన్‌రావు ఒక మోపు మోసుకుంటూ వచ్చి వాకిట్లో దించాడు. చొక్కా విప్పి చిలక్కొయ్యకు తగిలించి, నీళ్లు తాగి, అప్పుడు చెప్పాడు.

"సాబ్ గాజుబుడ్డిల ఉడికిచ్చిండు. రెండు వేరువేరుగ. నువ్వు రాసిందే ఖరారైంది. రిపోర్టు మార్చి ఇమ్మన్నడు. ఇచ్చిన. ఏం అనలే." వాకిట్లోని మోపు వైపు చూపించాడు. "గీ గడ్డి ఏందో దఫ్తర్ల ఎవ్వరికి తెల్వదట. నీకు పంపిండు. చిట్టి కూడ ఉంది."

చిట్టి ఇంగ్లీషులో ఉంది, చిన్నది. చీటీలు రాసినవారికి అని పైన ఉంది. ఈ గడ్డి ఎలాంటి నేలలోది అయి ఉంటుందో మీ అభిప్రాయం రాయగలరు. ఇకమీదట గుర్తుపట్టినవారు అన్న చోట, గుర్తుపట్టినవారి పేరే ఉండాలి. అంతే. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, కాపీ పుస్తకంలో పెట్టింది. మోపు విప్పి ఒక పుల్ల తీసి నలిపింది. ఏమీ తెలియలేదు. కొత్త గడ్డి. తెలియకపోవడం కూడా ఆ రోజు ఆమెకు భయంగా లేదు, నెమ్మదిగా తెలుసుకోవచ్చు.

మరునాడు పొద్దున పొయ్యి మీద ఒక్క గిన్నే ఉంది. చిక్కటి గంజి, చిటికెడు మైలుతుత్తంతో నీలంగా కాగుతోంది. లక్ష్మీనర్సమ్మ చాప మీద కొత్త గడ్డిని పుల్ల పుల్లా పరుస్తోంది. వామన్‌రావు బనీను మీద గడపలోకి వచ్చి అటూ ఇటూ చూశాడు.

"నా చొక్కా ఏది? గంజి పెట్టలేదా?"

ఆమె తల ఎత్తలేదు. అట్ట మీద పుల్లను సరిచేసుకుంటూ చెప్పింది.

"పిండి డబ్బా అటక మీద ఉంది. పల్చగ కాసుకోన్రి. మైలుతుత్తం మాత్రం ఎయ్యకున్రి, గది గడ్డికి."